సూర్యోదయానికి లేని అమావాస్య

నా పేరు రాయను. రాస్తే మీకు ఒరిగేదేమీ లేదు, నాకు మాత్రం ఈ నాలుగు ముక్కలు రాసే ధైర్యం పోతుంది. ఆరేళ్ళుగా ఒక మనిషి బరువు గుండె మీద మోస్తున్నాను. ఆ మనిషి చచ్చిపోలేదు. పోయి ఉంటే ఏడ్చి, కర్మ అనుకుని, మెల్లగా మరిచిపోయేవాడినేమో. బతికే ఉన్నాడు. ఇబ్రహీంపట్నం దగ్గర అత్తవారింట్లో ఉంటున్నాడు. అతని తల చెడింది. చెడగొట్టింది నేను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకు చెబుదామని రెండుమూడు సార్లు నోటిదాకా తెచ్చుకున్నాను. చెప్పబోయేసరికి నా తప్పు చిన్నదైపోయి, షావుకారు తప్పు, యుద్ధం తప్పు, కాలం తప్పు పెద్దవైపోయేవి. ఈసారి అలా జరగనివ్వకూడదు. జరిగితే మీరే కనిపెట్టండి.

యుద్ధం రోజుల్లో నేను బెజవాడ వన్ టౌన్‌లో ఒక మగ్గాల షెడ్డుకు మేస్త్రీని. రేకుల కప్పు కింద రెండు వరుసల గుంట మగ్గాలు. నేతవాళ్ళు తెల్లవారగానే వచ్చి గుంటలో కాళ్ళు దించితే పొద్దుగూకే దాకా లేచేవారు కారు. సైన్యానికి గాయాలకు కట్టే పల్చటి గుడ్డ నేసి ఇచ్చే పని మా షావుకారుకు దొరికింది. ఆ పని ఉంది కాబట్టే మాకు నూలు వచ్చేది. బయట నూలు దొరక్క ఎన్నో ఇళ్ళలో మగ్గాలు మూలపడ్డాయి. మా షెడ్డులో చోటు పోతే ఆ మనిషికి మరెక్కడా పని లేదు. ఆ సంగతి నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు.

వేసవిలో రేకుల కింద ఆ చప్పుడు, ఆ ఉక్క ఎలా ఉండేవో ఎలా చెప్పను? నాలుగు మాటలు పక్కవాడికి వినపడాలంటే అరవాలి. గుడ్డ పల్చన, పోగు నాసిరకం, ఊరికే తెగేది. తెగితే అతకాలి, అతికేలోపు షావుకారు గుమాస్తా వచ్చి నిలబడేవాడు. అతను వెళ్ళాక నేను వెళ్ళి నిలబడేవాడిని. అరిచేవాడిని కాదు. ఊరికే నిలబడేవాడిని. నేనూ నేతగాడి కొడుకునే, గుంటలో కూర్చున్నవాడి వెనక మనిషి ఊరికే నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసే నిలబడ్డాను.

మావాళ్ళకు ఆదివారం సెలవు లేదు. ఉన్నదల్లా అమావాస్య. అమావాస్య నాడు నేతగాడు మగ్గం ఎక్కడు. తలస్నానం చేసి, మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, దీపం చూపించి, ఇక ఆ రోజంతా ఏ పనీ ముట్టుకోడు. దేవుడికి భయపడి అంటారు గాని, నాకు తోచేది వేరు. మా నాన్న అమావాస్య మధ్యాహ్నం అన్నం తిని గోడకు చేరగిలబడి రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చునేవాడు. ఏం చేస్తున్నావు నాన్నా అని అడిగితే చేతులు చల్లార్చుకుంటున్నాను అనేవాడు. నెలకు ఒక్కరోజు. ఆ ఒక్కరోజు కోసం మిగిలిన రోజులు ఓర్చుకునేవాడు. ఇంత తెలిసినవాడిని నేను.

అమావాస్య తిథి చాలాసార్లు రెండు రోజుల మీద పడుతుంది. సెలవు ఏ రోజో పంచాంగం చూసి ఎవరో ఒకరు చెప్పాలి. సూర్యోదయానికి అమావాస్య ఉన్న రోజే సెలవు అని మా షెడ్డు ఆచారం. చదువు వచ్చినవాడిని కాబట్టి నేనే చూసి చెప్పేవాడిని. పంచాంగం నా బల్ల సొరుగులో ఉండేది. ఎప్పుడో ఒక్కోసారి తిథి పొద్దెక్కాక మొదలై మర్నాడు తెల్లవారేలోపే వెళ్ళిపోతుంది. ఏ సూర్యోదయానికీ అందదు. లోపించింది అంటాం. అలాంటి నెలలో సెలవు లేదు. అది ఎంత అరుదో నాకు తెలుసు. వాళ్ళలో చాలామందికి తెలియదు.

ఒక నెల నిజంగానే లోపించింది. నిజంగానే. ఆ ఒక్క నెలకూ నా మీద నేరం లేదు. షెడ్డు ఆగకుండా నడిచింది, సరుకు అనుకున్న రోజుకు వెళ్ళింది. షావుకారు నన్ను పిలిచి మెచ్చుకున్నాడు. తర్వాత నెల దగ్గర పడుతుంటే, సరుకు చాలడం లేదు మేస్త్రీ గారూ, మీరేదో చూడండి, అన్నాడు. అమావాస్య మాట అతను ఎత్తలేదు. ఎత్తి ఉంటే సగం పాపం అతని నెత్తిన రుద్దేవాడిని. చూడండి అన్నాడు. నేను చూశాను. ఈ నెల కూడా లోపించిందని షెడ్డులో చెప్పాను.

చెప్పేటప్పుడు గొంతు వణుకుతుందేమో అనుకున్నాను. వణకలేదు. అదే ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఏ గొంతుతో రోజూ మంచినీళ్ళు అడిగేవాడినో అదే గొంతుతో చెప్పాను. కొందరు తలలూపారు. పక్క వీధి షెడ్డుకు సెలవిచ్చారటగా అని ఒకరు అంటే, వాళ్ళది వేరే పంచాంగం అన్నాను. పంచాంగానికీ పంచాంగానికీ పడదని అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట అతికింది. నేను చెప్పింది నమ్మినవాళ్ళు కొందరు. నమ్మకపోయినా చోటు పోతుందని నోరు మూసుకున్నవాళ్ళు ఎక్కువమంది. అలా రెండో నెల గడిచింది. మూడో నెల వచ్చింది.

ఇక పేరయ్య సంగతి చెప్పాలి.

పేరయ్య నాకు వరసకు బావమరిది. నాకంటే చిన్నవాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఇల్లు భవానీపురం వైపు, ఏటి దగ్గర. రోజూ తెల్లవారకముందే ఏట్లో మునిగి, తడి పంచె ఆరబెట్టుకుంటూ నడిచి షెడ్డుకు వచ్చేవాడు. షెడ్డులో లెక్కకు అతను పెట్టింది పేరు. నిలువు పోగులను మేం పడుగు అంటాం. పడుగు ఎక్కించేటప్పుడు పోగుల లెక్క తప్పితే గుడ్డంతా పాడే. పేరయ్య కళ్ళు మూసుకుని వేళ్ళతోనే లెక్కపెట్టేవాడు. ఎవరికి అనుమానం వచ్చినా అతన్నే పిలిచేవారు. అతనికి ఆస్తి అంటూ ఉంటే అదే.

ఆ రెండో నెల తర్వాత అతను నలిగిపోయినట్టు కనపడ్డాడు. ఒకసారి నా బల్ల దగ్గరకు వచ్చి, ఇంటికెళ్ళి పడుకున్నా తలలో మగ్గం ఆడుతూనే ఉంటోందని చెప్పాడు. పిల్లలు పక్కన మాట్లాడుతున్నా వినపడటం లేదట. ఊరికే కోపం వస్తోందట, ఎన్నడూ లేనిది నాంచారమ్మ మీద చెయ్యెత్తబోయాడట. నాంచారమ్మ అతని భార్య. ఆ మాట చెప్పి సిగ్గుతో తల వంచుకున్నాడు. అమావాస్య ఒక్కటి దొరికితే సర్దుకుంటాను అన్నాడు. సెలవు అడగలేదు చూడండి. తనకు రావలసిన రోజు వస్తే చాలన్నాడు. సరేలే అన్నాను. ఆ సరేలే ఎందుకు అన్నానో నాకు తెలియదు, ఇవ్వాలనే ఉద్దేశం నాకు అప్పటికే లేదు.

మూడో నెల అమావాస్య పొద్దున అందరూ మగ్గాల్లోకి దిగుతున్నారు. పేరయ్య మాత్రం గుంట పక్కన నిలబడ్డాడు.

"బావగారూ, ఇయ్యాల అమావాస్యండీ," అన్నాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురూ చెప్పలేదండీ. మొన్న ఏటికి పోయినప్పుడు తెల్లారగట్ల గోరంత చంద్రుణ్ణి చూశా. నిన్న లేడు. ఇయ్యాలా లేడు. నేను రోజులు కూడా లెక్కేసుకుంటానే ఉన్నానండీ. ఇయ్యాలే అవ్వాలి."

"అమావాస్య నిన్న పొద్దెక్కాక వచ్చి తెల్లవారేలోపే పోయింది. సూర్యోదయానికి లేదు. పంచాంగంలో ఉంది."

"పోయిన నెలా అట్టాగే అన్నారండీ. అంతకు ముందు నెలా అదే. వరసాగ్గా మూడు నెలలు లోపించటం నేనెప్పుడూ ఇనలేదండీ."

మగ్గాలు ఆగాయి. ఒక్కొక్కటే ఆగిపోయి షెడ్డంతా నిశ్శబ్దమైంది. అందరూ నా వైపు చూస్తున్నారు. అప్పుడు నాకు కలిగింది భయం. పేరయ్య మీద కోపం కాదు, భయం. ఆ భయంలో మనిషికి ఎక్కడ తగిలితే పడతాడో సరిగ్గా అక్కడే కొట్టాను.

"నీ తల సరిగా పనిచేయడం లేదు పేరయ్యా. మొన్న నువ్వే చెప్పావుగా నాతో. లెక్క తప్పావు."

"నేనాండీ? లెక్క తప్పానంటారా?"

"తప్పావు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. పేరయ్యే లెక్క తప్పితే ఇంక మా గతేంటి అని ఇంకెవరో అన్నారు. నవ్వులు లేచాయి. వాళ్ళనేమీ అనను. నవ్వితే గండం గడుస్తుందని నవ్వారు. పేరయ్య కాసేపు తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "అయితే తప్పే ఉంటానండీ," అన్నాడు. గుంటలోకి దిగాడు. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి.

పంచాంగం చూపించమని అతను అడగలేదు. అడిగితే ఏం చేసేవాడిని? చదవడం రాని మనిషికి ఏ పేజీ అయినా చూపించవచ్చు. అదీ చేసి ఉండేవాడిని. నా గురించి నాకు ఆ మాత్రం తెలుసు.

ఆ రోజు తర్వాత అతను పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పొద్దున రాగానే మగ్గం మీదున్న పడుగు మొదటి నుంచి చివరి దాకా లెక్కపెట్టేవాడు. సరిపోయేది. మళ్ళీ లెక్కపెట్టేవాడు. అప్పుడూ సరిపోయేది. సరిపోయింది కదా అంటే, సరిపోయిందని నాకనిపిస్తందండీ, మీరోసారి చూడండి, అనేవాడు. మొదట్లో చూశాను. తర్వాత విసుక్కున్నాను. పక్కవాళ్ళను బతిమాలేవాడు. వాళ్ళు ఆట పట్టించడానికి ఒకటి తక్కువొచ్చిందని చెప్పేవారు. పాపం, అది నమ్మి మళ్ళీ మొదటికొచ్చేవాడు. తన చేతిలో తప్పు లేదని ఎదుట కనపడుతున్నా, తన కళ్ళను తను నమ్మలేని స్థితికి వచ్చాడు. మనిషి పని పాడవడం నేను చాలా చూశాను. పని బాగానే ఉండి మనిషి పాడవడం అప్పుడే చూశాను.

నెల తిరగకముందే అతని మగ్గం మీద గుడ్డ దిగడం ఆగిపోయింది. గుమాస్తా వచ్చి నిలబడ్డాడు. నేను పేరయ్యను పక్కకు పిలిచి, కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండు, ఒళ్ళు కుదుటపడ్డాక వద్దువుగాని అన్నాను. అతని మగ్గం వేరేవాడికి ఇచ్చేశాను. అలా, నేను కాజేసిన సెలవులన్నీ కలిపి ఒక్కసారిగా ఇచ్చాను. ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంతవరకు చదివి, పోనీలే, అన్నం పెట్టే చోటు కాపాడుకోవడానికి ఒక అబద్ధం ఆడాడు, అది ఇలా వికటించింది అని మీరు అనుకోవచ్చు. అక్కడితో ఆగితే నేనూ అలాగే అనుకునేవాడిని. అక్కడితో ఆగలేదు.

వారం పది రోజులకు నాంచారమ్మ షెడ్డుకు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. చెమటకు జాకెట్టు తడిసిపోయి, ఏటి గట్టు నుంచి నడిచి వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి పిలిచింది. నేను బయటికి వెళ్ళాను.

ఇంట్లో కూడా అతను లెక్కపెడుతున్నాడట. కంచాల ముందు కూర్చున్న ముగ్గురు పిల్లల్నీ లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, ముగ్గురేనా మనకి అని ఆమెను అడుగుతున్నాడట. పెద్దపిల్ల భయపడి తండ్రి దగ్గరకు వెళ్ళడం లేదట. ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. చెప్పి, చేతులు రెండూ జోడించింది.

"అన్నయ్యగారూ, మీరు ఒక్కసారి మా ఇంటికొచ్చి ఆయనతో ఒక్క మాటనండి. ఆ రోజు అమావాస్యేరా, నీ లెక్క కరెస్టే, నేనే పొరబడ్డానని చెప్పండి. అబద్ధమైనా సరే చెప్పండి. మీరు చెబితే నమ్ముతాడు. ఇంకెవరు చెప్పినా నమ్మడు."

అబద్ధమైనా సరే అంది. నిజాన్ని అబద్ధంగా అయినా చెప్పమని నన్ను అడిగింది.

వెళ్ళి ఉండవచ్చు. ఆమె అడిగినట్టే చెప్పి రావచ్చు. ఆమె కూడా దాన్ని నా దయ అనుకునేది, నా గుట్టు నా దగ్గరే ఉండేది, అతని తల తిరిగి అతనికి దక్కేది. అంత తేలికైన దారి దేవుడు ఇంకెవరికైనా చూపించాడా? కాని ఆ క్షణంలో నాకు తోచింది వేరు. పేరయ్య ఆ మాట పట్టుకుని షెడ్డుకు వస్తాడు. మేస్త్రీ గారే ఒప్పుకున్నారు అంటాడు. అప్పుడు మిగిలినవాళ్ళు వేళ్ళు మడిచి వెనక్కి లెక్కపెట్టుకుంటారు. అంతే నాకు కనపడింది.

"పంచాంగం విషయంలో అబద్ధం ఆడలేనమ్మా," అన్నాను.

నేను అన్న మాట ఇదే. ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. ఆమె నన్ను తప్పు పట్టలేదు. అంత నిష్ఠ గలవాడిని అటువంటిది అడిగినందుకు నొచ్చుకుంది. తప్పైపోయింది అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి, అని చెప్పి వెళ్ళిపోయింది. నేను లోపలికొచ్చి నా బల్ల ముందు కూర్చున్నాను. ఆ సాయంత్రం దాకా ఏ మగ్గం దగ్గరా నిలబడలేదు. మర్నాడు మళ్ళీ నిలబడ్డాను.

కొన్నాళ్ళకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఆమె పుట్టింటికి వెళ్ళిపోయారు. తర్వాత నెలల్లో అమావాస్య సెలవులు సరిగానే ఇచ్చాను. ఎవరూ అడగలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. యుద్ధం ముగిసింది. కట్టుగుడ్డ పని ఆగిపోయింది, షెడ్డు మూతపడింది. షావుకారు వేరే వ్యాపారంలో దిగాడు. మగ్గాలు పీకేసి గుంటలు పూడ్చారు. ఇప్పుడు అక్కడ ఏవో బస్తాలు వేసుకుంటున్నారు. నేనిప్పుడు ఒక బట్టల దుకాణంలో కూర్చుంటున్నాను. ఇరుగుపొరుగువాళ్ళు ఇంకా నా దగ్గరకే వచ్చి తిథులు అడుగుతారు. కళ్ళు కనపడటం లేదని పంపించేస్తాను.

పోయిన నెల ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ఎందుకు ఇన్నాళ్ళు ఆగానంటే, చెబితే నాకు పోయేది ఏమీ మిగలకుండా పోయేదాకా ఆగాను. ఇంతకంటే మర్యాదైన జవాబు నా దగ్గర లేదు.

పేరయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసిపోయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. బావగారొచ్చారని లోపలికి కేక వేశాడు. నాంచారమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేను నీళ్ళు తాగలేదు. వాళ్ళింటి నీళ్ళు తాగితే ఇక చెప్పలేనని భయం.

చెప్పాను. ఆ రోజు అమావాస్యేనని చెప్పాను. నీ లెక్క తప్పలేదు, పంచాంగంలో ఉన్నది ఒకటి, నేను చెప్పింది ఒకటి, అంతకు ముందు నెల కూడా అలాగే చేశాను అని చెప్పాను. డొంకతిరుగుడు లేకుండా, వంకలు చెప్పకుండా చెప్పాను. ఆరేళ్ళుగా లోపల అనుకుంటున్న మాటలే కాబట్టి తడబడలేదు.

పేరయ్య శ్రద్ధగా విన్నాడు. చివర్లో చిన్నగా నవ్వాడు.

"నాంచారి అడిగింది కదండీ, ఇట్టా చెప్పమని?" అన్నాడు. "అప్పుడే నాతో అందిలెండి, మిమ్మల్ని అడిగొచ్చానని. మీరు పంచాంగం మీద అబద్ధం ఆడనన్నారని. ఆ మాట ఇని నేను సంతోషించానండీ. ఇప్పుడు నా కోసం ఆ నియమం కూడా ఒదులుకున్నారు. అంత పని చేయకూడదండీ బావగారూ."

కాదు పేరయ్యా, నిజం, నా పిల్లల మీద ఒట్టు అన్నాను. అయ్యో, ఒట్లు వేయకండి అని నా చేయి పట్టుకున్నాడు. నా మీద జాలిపడ్డాడు. నా చేతి వేళ్ళను బొటనవేలి నుంచి మొదలుపెట్టి మెల్లగా ఒక్కొక్కటే తడుముతున్నాడు. చివరి దాకా వెళ్ళి మళ్ళీ బొటనవేలికి వచ్చాడు. నేను చేయి వెనక్కి తీసుకోలేదు.

తల ఎత్తితే గుమ్మం దగ్గర నాంచారమ్మ కనపడింది. ఇప్పుడు వచ్చి ఇలా చెప్పమని తను నన్ను అడగలేదని ఆమెకు తెలుసు. పేరయ్యకు అర్థం కానిది ఆమెకు అర్థమైంది. ఆనాటి ఎండలో చేతులు జోడించి ఏం అడిగిందో, నేను ఏం జవాబు చెప్పానో, అదంతా ఆమె మొహంలో ఒక్కసారిగా తెలిసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టమని మనసులో వేడుకున్నాను. ఆమె వచ్చి, నేను తాగని నీళ్ళ గ్లాసు తీసుకుని వాకిట్లో పారబోసింది.

"ఇంక బయలుదేరండి," అంది. అన్నయ్యగారూ అనలేదు.

బయలుదేరాను.

క్షమించమని ఎవరిని అడగాలి? నమ్మనివాడు క్షమించలేడు. నమ్మిన ఆమెను అడిగే మొహం నాకు లేదు. మిమ్మల్ని అడగడం లేదు, మీరు ఇచ్చినా అది నాకు చెందదు. పేరయ్య ఇకపై నయమవుతాడన్న ఆశ నాకు లేదు. నయం చేయగలిగిన మాట ఒకటే ఉండేది. అది పనికొచ్చే రోజున నేను దాచుకున్నాను.

రాయడం అయిపోయింది. లోపల ఏదో కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గుగా ఉంది. కాని అబద్ధం ఎందుకు, తేలికపడింది.